పెరటి కోళ్ళు, పక్కింటి వాళ్ళు

రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మన ఆసుపత్రి క్యాజువాలిటీకి ఒకే వీధికి చెందిన ఇద్దరు తల్లులు వచ్చారు. ఒకామెకు కనుబొమ్మ పైన చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. రెండవ ఆమెకు గాజులు పగిలి మణికట్టులో గుచ్చుకున్నాయి. ఏమి జరిగిందని అడిగితే ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఒకరి కోడిపెట్ట వెళ్ళి ఇంకొకరు మంచం మీద ఎండబెట్టుకున్న వడియాలను కెలికిందట. రాయి విసిరింది కోడి మీదికేనట, తగిలింది మాత్రం మనిషికి. "అసలది నా కోడే కాదండీ, నా పెట్టకు తోక నల్లగా ఉంటది" అని ఆమె కుట్లు వేయించుకుంటూ కూడా వాదిస్తూనే ఉంది.

ఆ నెలలోనే పిల్లవాడికి జ్వరమని ఆమె మళ్ళీ వచ్చినప్పుడు కోడి సంగతి అడిగాము. "కొక్కెర వచ్చిందండీ. నల్లతోకదీ పోయింది, వాళ్ళవీ పోయినాయి. వీధిలో కోడి కూత లేదు" అంది.

షుగరు గురించి, బి.పి. గురించి రాసే ఈ పత్రికలో కోళ్ళ గురించి ఎందుకు అని మీరు అడగవచ్చు. మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో చాలామందికి పెరట్లో నాలుగైనా కోళ్ళు ఉంటాయి. పిల్లవాడి నోట్సు పుస్తకాలకు, బస్సు ఛార్జీలకు, ఒక్కోసారి మా దగ్గర మందుల బిల్లుకు కూడా ఆ ఇంటి ఇల్లాలు చేతికి తీసుకునేది కోడి అమ్మిన డబ్బే. అందువల్ల కోళ్ళు పోతే ఆ ఇంటి ఆరోగ్యం కూడా కొంత దెబ్బ తింటుంది. కోళ్ళను సరిగా పెంచకపోతే వాటి వల్ల వచ్చే జబ్బులకు మళ్ళీ మా దగ్గరికే రావాలి. వీటి మధ్యలో పొరుగువారితో తగాదాలు ఒకటి. పోలీసు స్టేషను దాకా వెళ్ళినవీ ఉన్నాయి.

గుడ్డు ఎవరికి పెడుతున్నారు?

ముందుగా ఒక మాట. ఇంట్లో కోళ్ళు ఉండి కూడా పిల్లలకు గుడ్డు పెట్టని ఇళ్ళను మేము చూస్తున్నాము. గుడ్లన్నీ పొదగడానికో అమ్మకానికో పోతాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, టి.బి. మందులు వాడుతున్న వారికి ఇంత తేలికగా దొరికే బలమైన ఆహారం ఇంకొకటి చెప్పడం కష్టం. "వేడి చేస్తుంది" అని గర్భిణులు గుడ్డు మానేయడం సరికాదు. అంగన్‌వాడీలో వారికి గుడ్డు ఇస్తున్నది ఊరికే కాదు.

అయితే పచ్చిగుడ్డు పాలలో కొట్టి తాగించడం మానండి. బలం వస్తుందని పెద్దవాళ్ళు చెబుతారు. కాని పచ్చిగుడ్డు కన్నా ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి ఎక్కువ పడతాయి. పైగా గుడ్డు పెంకు మీద, ఒక్కోసారి లోపల కూడా, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. దాని వల్ల వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. నీరసంగా ఉన్న మనిషికి బలం కోసం ఇచ్చినదే అతన్ని మంచాన పడేస్తుంది. సొన గట్టిపడే దాకా ఉడికించి పెట్టండి.

మంచి పిల్లలు కావాలంటే

మన నాటుకోడి ఒక విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఏడాదికి అన్నీ కలిపి యాభై అరవై గుడ్లు. తక్కువే. కాని అది తన తిండి తానే వెతుక్కుంటుంది, గద్దను చూస్తే పరుగెత్తుతుంది, పిల్లలను తానే పెంచుకుంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధనా సంస్థ వారు పెరటి పెంపకం కోసమే తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు ఉన్నాయి. వనరాజా త్వరగా బరువు వస్తుంది, గ్రామప్రియ గుడ్లు ఎక్కువ పెడుతుంది. వీటిని తెచ్చుకున్నవారు రెండు సంగతులు తెలుసుకోవాలి. ఈ పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. కూర్చోబెట్టి పిల్లలను తీసినా ఆ పిల్లలకు తల్లిదండ్రుల లక్షణాలు పూర్తిగా రావు. కాబట్టి ఈ రకాలు పెంచేవారు కూడా ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకోవడం మంచిది.

ఇక్కడ మనవాళ్ళు చేసే ఒక పొరపాటు చెప్పాలి. సంక్రాంతికో క్రిస్మస్‌కో అన్నిటికన్నా ఏపుగా పెరిగిన పుంజును అమ్మేస్తారు లేదా కోసేస్తారు. ఎవరూ కొనని బక్క పుంజు పెరట్లో మిగులుతుంది. మరుసటి ఏడాది పిల్లలన్నిటికీ అదే తండ్రి. ఇలా నాలుగేళ్ళు చేసి, "మా కోళ్ళు ఎదగడం లేదు, నేల మంచిది కాదు" అంటారు. బాగా ఎదిగిన పుంజునే ఉంచుకోండి. ఒక్క పుంజు ఎనిమిది పది పెట్టలకు సరిపోతుంది. అదే పుంజు తన కూతుళ్ళతో, మనుమరాళ్ళతో కలుస్తూ పోతే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు బలహీనంగా పుడతాయి. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వేరే ఊరి బంధువులతో పుంజును మార్చుకోండి.

పొదిగించడానికి వారం రోజుల లోపు గుడ్లే ఎంచుకోవాలి. ఎండాకాలంలో నాలుగైదు రోజులకే పాడవుతాయి. మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు గరుకుగా ఉన్నవి, చిట్లినవి వద్దు. గుడ్లను సన్నటి మొన కిందికి ఉండేలా, తడి ఇసుక మీద పెట్టిన కుండలో చల్లగా ఉంచండి. పెట్టకు దాని ఒంటి కిందికి పట్టినన్నే పెట్టాలి. పదిహేను పెడితే పదిహేను పిల్లలు రావు. అంచున ఉన్నవి చల్లబడి, మళ్ళీ లోపలికి దొర్లి, మొత్తం మీద నష్టమే. గూట్లో గడ్డి కింద కాస్త బూడిద, ఎండు వేపాకు వేస్తే పేలు తగ్గుతాయి. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని కొన్ని ఇళ్ళలో ఇనుప ముక్క పెడతారు. పెట్టినా నష్టం లేదు, కాని గుడ్లు మురగడానికి కారణం ఉరుము కాదు. పాత గుడ్డు, పుంజు కలవని గుడ్డు, మధ్యలో లేచిపోయిన పెట్ట, ఇవే కారణాలు. ఏడవ రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనక టార్చి లైటు పెట్టి చూడండి. సాలెగూడులాగా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసివేయండి. 21వ రోజుకు పిల్లలు వస్తాయి.

మొదటి నెలలోనే ఎక్కువ పిల్లలు పోతాయి. రెండు మూడు వారాలు తల్లినీ పిల్లలనూ గంప కింద ఉంచి, నూకలు, రాగులు వేయండి. మూకుడులో నీళ్ళు పెట్టేటప్పుడు నాలుగు గులకరాళ్ళు వేస్తే పిల్లలు మునగవు.

ఒక్క ఇంటితో అయ్యే పని కాదు

కొక్కెర తెగులుకు రాణిఖేత్ అని ఇంకో పేరు. 1927లో మన దేశంలో దీన్ని హిమాలయ ప్రాంతంలోని రాణిఖేత్ అనే ఊరిలో గుర్తించారు. ఇది వైరస్ జబ్బు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, నోరు తెరిచి గురగురమంటూ శ్వాస తీస్తుంది, ఆకుపచ్చగా తెల్లగా పారుకుంటుంది, మెడ మెలిపడుతుంది. టీకా వేయని కోళ్ళలో వస్తే పదింటిలో ఒకటి రెండు మిగలడం కూడా కష్టం. మందు లేదు. కొందరు మా ఫార్మసీకి వచ్చి కోళ్ళకని టెట్రాసైక్లిన్ అడుగుతున్నారు. అది మనుషులకు రాసే యాంటీబయాటిక్, వైరస్ మీద పనిచేయదు. మేము ఇవ్వము, మీరు బయట కూడా కొనకండి.

టీకా ఒక్కటే దారి. పిల్లకు మొదటి వారంలో లసోటా లేక ఎఫ్-1 చుక్క, కంట్లో గాని ముక్కులో గాని ఒక్కటి. నాలుగు వారాలకు మళ్ళీ చుక్క. ఎనిమిది వారాలకు ఆర్2బి అనే సూది. ఆ తర్వాత ఎన్ని నెలలకు ఒకసారి మళ్ళీ వేయించాలో పశువైద్యులు చెబుతారు. ఎండలు ముదరక ముందే, అంటే సంక్రాంతి దాటగానే వేయించడం మంచిది. జబ్బు మొదలైన కోడికి టీకా వేసి ప్రయోజనం లేదు.

చాలామంది "మాకు తెలుసండీ, కాని వేయించలేదు" అంటారు. ఎందుకు వేయించలేదో విచారించాము. కారణం బద్ధకం కాదు. టీకా బుడ్డి మామూలుగా 100 డోసులదో అంతకన్నా పెద్దదో వస్తుంది. నీళ్ళు కలిపిన తర్వాత రెండు గంటలలోపు వాడేయాలి. మిగిలింది పారబోయాలి. ఆరు కోళ్ళున్న ఇల్లాలు వంద కోళ్ళ మందు కొని ఏమి చేసుకుంటుంది? ఆమె తన కోళ్ళకు మాత్రం వేయించుకున్నా, పక్కింటి కోళ్ళకు టీకా పడకపోతే జబ్బు వీధిలో తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి కోళ్ళు ఎవరివి వారివే అయినా టీకా మాత్రం వీధి అంతటికీ కలిపి వేయించుకోవలసినదే.

కుట్లు పడిన ఆమెకు ఈ సంగతి చెప్పాము. మరుసటి జనవరిలో వీధిలో పదకొండు ఇళ్ళవారు డబ్బులు వేసుకుని ఒక బుడ్డి తెప్పించారు. పశువైద్యశాల నుండి ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి తేవాలి. ఎండలో చేతిలో పట్టుకుని తెస్తే మందు చచ్చిపోతుంది. తెల్లవారుజామున కోళ్ళు గూళ్ళలో ఉండగానే ఇంటింటికీ తిరిగి వేయించారట. వడియాల ఆమె కూడా తన వాటా డబ్బు ఇచ్చింది, కాని వేరే వాళ్ళ చేత పంపించిందట. సరే, మాటలు కలవడానికి మేమేమీ మందు రాయలేము.

ఇంకొక జాగ్రత్త. బయటి నుండి తెచ్చిన కోడిని తిన్నగా మందలో వదలకండి. సంతలో కొన్నదైనా, బంధువులు ఇచ్చినదైనా, మన కోత పండుగ వేలంపాటలో పాడుకున్నదైనా సరే, రెండు వారాలు విడిగా ఉంచండి. కోత పండుగకు పది ఊళ్ళ కోళ్ళు కాళ్ళు కట్టి ఒకే చెట్టు కింద పడేస్తాము. దేవునికి తెచ్చిన కానుకే అయినా జబ్బు దానికి మినహాయింపు ఇవ్వదు.

చచ్చిన కోడి, మనుషుల జబ్బు

కోడి తూలుతూ ఉంటే, చచ్చేలోపు కోసి వండేయడం మన ఊళ్ళలో అలవాటు. నష్టం కొంతైనా పూడుతుందని ఆశ. దయచేసి అలా చేయకండి. అది ఏ జబ్బుతో పోతున్నదో మీకు తెలియదు. ఎవరైనా కోపంతో పురుగుమందు కలిపిన గింజలు వేసి ఉంటే, ఆ విషం మీ కడుపులోకే వస్తుంది. పక్కవారి కోళ్ళ మీద కోపంతో అలాంటి గింజలు చల్లేవారికి కూడా ఒక మాట: ఆ గింజలు నేల మీద ఉన్నప్పుడు పాకే పిల్లవాడికీ కోడికీ తేడా తెలియదు.

బర్డ్ ఫ్లూ మన దేశంలో కోళ్ళలో మొదట బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలలో హెచ్5ఎన్1 రకం వచ్చి లక్షల కోళ్ళు పోయాయి. అదే ఏడాది మన రాష్ట్రంలో ఒక చిన్నారి ఈ వైరస్‌తో మరణించింది. పచ్చి కోడిమాంసం ముక్క తినడం జరిగిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇది విని కోడిమాంసం మానేయనవసరం లేదు. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ నశిస్తుంది, మన కూర అంతకన్నా ఎక్కువే ఉడుకుతుంది. ప్రమాదం అంతా కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పచ్చి ముక్క పిల్లల చేతికి అందినప్పుడు. మాంసం కోసిన కత్తితోనే కడగకుండా ఉల్లిపాయ తరగకండి.

ఒకేసారి ఎక్కువ కోళ్ళు చచ్చిపోతే పశువైద్యశాలకు వెంటనే చెప్పండి. చచ్చినవాటిని చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. కాలువలో వేయకండి. కోళ్ళు చనిపోయిన ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పండి. అడిగితే గాని చెప్పనివారు చాలామంది ఉన్నారు.

రాత్రి దొంగల భయంతో, పిల్లుల భయంతో కోళ్ళను మంచం కింద గంపేసి మూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. రెట్ట వాసన, ఈకల దుమ్ము రాత్రంతా పీల్చడం ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు. పాకే పిల్లలు తెల్లవారి ఆ నేల మీదే చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటారు. నేలకు రెండడుగుల ఎత్తున నాలుగు గుంజల మీద, అడుగున వెదురు బద్దలతో సందులు వదిలి, చిన్న గూడు కట్టించండి. రెట్ట కిందికి జారిపోతుంది, గాలి ఆడుతుంది. కోడికి ఒక చదరపు అడుగు చోటు లెక్కన చాలు. గుడ్లు ఏరినా, గూడు ఊడ్చినా సబ్బుతో చేతులు కడుక్కోండి.

గుడ్డు కోసం కట్టెల మోపు వెనక చీకట్లో చేయి పెట్టకండి. గుడ్లకూ పిల్లలకూ పాములు వస్తాయి, చల్లిన గింజలకు ఎలుకలు, ఎలుకలకు మళ్ళీ పాములు. "కోళ్ళుంటే పాములొస్తాయి" అనే పొరుగువారి మాటలో కొంత నిజం ఉంది. సాయంత్రం మిగిలిన గింజలు ఊడ్చేయండి, టార్చి లేకుండా గూటి దగ్గరికి వెళ్ళకండి.

పొరుగువారి వైపు నుండి

కోళ్ళు పెంచేవారికి పొరుగువారి ఫిర్యాదు అసూయలా వినిపిస్తుంది. ఒక్కసారి అటువైపు నుండి చూడండి. కడిగి ముగ్గు వేసిన వాకిట్లో రెట్ట, ఆకుకూర మడి అంతా తిరగదోడి ఉండడం, వాసన, ఈగలు. ఇవి లేని ఫిర్యాదులు కావు. తడిసిన రెట్టే వాసన వేస్తుంది. గూటి కింద ఊక, బూడిద చల్లి రోజూ ఎత్తితే వాసనా ఈగలూ చాలావరకు పోతాయి. ఎత్తినది కొన్ని నెలలు మాగనిచ్చాక మంచి ఎరువు. పచ్చిది వేస్తే మొక్కలు మాడతాయి. మాగిన ఎరువు ఒక గంపెడు ఆ ఆకుకూర మడి వారికి ఇచ్చి చూడండి. నాట్లు, విత్తులు వేసిన వారాలలో, వడియాలు, మిరపకాయలు ఎండే మధ్యాహ్నాలలో కోళ్ళను మూసి ఉంచి, సాయంత్రం రెండు గంటలు వదిలినా చాలు. కాలికి ఇంటికో రంగు గుడ్డపీలిక కడితే ఎవరి కోడో తగాదా ఉండదు.

ఇంకో రకం అభ్యంతరం ఉంది, అది ఎక్కువగా ఇంట్లోవారిదే. పిల్లలకు ఉద్యోగాలు వచ్చాక "ఇంకా ఈ కోళ్ళేమిటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు" అని తల్లిని సిగ్గుపరుస్తారు. వారే ఆదివారం నాడు బ్రాయిలరుకు రెట్టింపు ధర పెట్టి నాటుకోడి కొంటారు. పెరట్లో పందెం జాతి పుంజు కనిపిస్తే మాత్రం పొరుగువారు అనుమానంగా చూడడంలో తప్పు లేదు. కోడిపందేలు చట్టరీత్యా నేరం. కోడికత్తి గాయాలకు సంక్రాంతి మూడు రోజులూ కుట్లు వేసే ఆసుపత్రులు మన జిల్లాలలో కొత్త కాదు.

ఇక కూత. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే పుంజు కూస్తుంది. ఇంట్లో ముసలివారు, పసిబిడ్డ ఉన్నవారికి అది చిన్న బాధ కాదు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పొదగదు, అంతే. తినడానికి లోటేమీ లేదు. కాబట్టి ప్రతి ఇంటికీ పుంజు అక్కరలేదు. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నచోట వీధికి ఒక్క పుంజు, కాస్త ఎడంగా ఉన్న ఇంట్లో ఉంటే చాలు. పొదిగించుకోవాలంటే ఆ ఇంటి నుండి గుడ్లు తెచ్చుకోవచ్చు, లేదా పుంజునే నాలుగు రోజులు తెచ్చుకోవచ్చు. అది వెళ్ళిపోయాక కూడా వారం పది రోజుల దాకా పెట్ట పెట్టే గుడ్లు పొదుగుతాయి.

మా క్వార్టర్సు వెనక కూడా ఒక పుంజు ఉంది. నైట్ డ్యూటీ దిగి పడుకునే సిస్టర్లు, పడుకోకముందే లేచే డాక్టర్లు దాని మీద చాలాసార్లు ఫిర్యాదు చేశారు. దానిని పెంచే మా వార్డు ఆయా చివరకు గూటికి వెలుతురు దూరకుండా గోనెపట్టా కట్టి, పుంజు మెడ పూర్తిగా ఎత్తలేనంత పొట్టి పైకప్పు వేయించింది. కూత బాగా తగ్గింది. ఇప్పుడు ఆరు దాటాకే తలుపు తీస్తున్నది.